మూత్రపరీక్షలో ఆల్బుమిన్: ఆ అంకె ఎవరిది?

ఉద్యోగ విరమణ చేసి కొన్ని సంవత్సరములైనా, బంధువులు, మిత్రులు, వారి పరిచయస్థులు తమ పరీక్షల ఫలితములను నా చరవాణికి పంపుతూనే ఉంటారు. చాలాసార్లు పేరు, వయస్సు ఉన్న పైభాగము చిత్రములో కనిపించదు. ఒక అంకె, దాని ప్రక్కన హెచ్చరికగా ఒక నక్షత్రపు గుర్తు, క్రింద ‘డాక్టరు గారూ, మూత్రపిండములు చెడిపోయినట్లేనా?’ అన్న ప్రశ్న మాత్రము ఉంటాయి. సమాధానము చెప్పే ముందు నేను కొన్ని ప్రశ్నలు వేస్తాను. ఈ పరీక్ష ఎవరిది? వయస్సెంత, బరువెంత? నమూనా ఉదయము లేవగానే ఇచ్చారా, మధ్యాహ్నము ఇచ్చారా? ముందు రోజు జ్వరము గాని, కఠిన వ్యాయామము గాని ఉన్నదా? కొందరికి ఈ ప్రశ్నలు మాట దాటవేసినట్లు తోస్తాయి. అంకె కళ్ళ ఎదుట ఉండగా ఇంత విచారణ ఎందుకని వారి సందేహము. ఆ సందేహము తీర్చుటకే ఈ వ్యాసము వ్రాస్తున్నాను.

మన రెండు మూత్రపిండములు దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును రక్తము నుంచి వడపోస్తాయి. అందులో అధిక భాగమును తిరిగి రక్తములోనికి చేర్చి, ఒకటి, రెండు లీటర్లను మాత్రము మూత్రముగా విసర్జిస్తాయి. రక్తరసములోని మాంసకృత్తులలో ప్రధానమైనది ఆల్బుమిన్. ఆరోగ్యవంతుల మూత్రములో అది దినమునకు 30 మిల్లీగ్రాములకు లోపుగానే ఉంటుంది. మధుమేహము, అధిక రక్తపుపోటు వంటి వ్యాధులు వడపోత గుచ్ఛములను దెబ్బ తీసినప్పుడు ఆల్బుమిన్ ఎక్కువగా జారిపోతుంది. ఆ దశలో నొప్పి ఉండదు, కాళ్ళవాపు ఉండదు. రక్తములో క్రియాటినిన్ కూడా సామాన్య పరిమితులలోనే ఉండవచ్చును. వ్యాధి వేగమును మందగింపజేయుటకు మిక్కిలి అనువైన సమయము కూడా అదే. వ్యాధి ఉన్నవారికి లేదని చెబితే ఆ సమయము చేజారుతుంది. లేనివారికి ఉన్నదని చెబితే అనవసరపు భయము, పథ్యములు, మందులు మొదలవుతాయి. నా వృత్తి జీవితములో ఈ రెండు నష్టములనూ చూశాను.

పరీక్షా పట్టీ కొలిచేది గాఢతను

1827లో లండనులోని గైస్ ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్, శరీరము వాచిన కొందరు రోగుల మూత్రము వేడి చేస్తే గడ్డకడుతుందని, మరణానంతరము వారి మూత్రపిండములలో మార్పులు కనిపించాయని ప్రచురించారు. మేము విద్యార్థులుగా ఉన్న దినములలో కూడా ఆ పద్ధతి వాడుకలోనే ఉన్నది. పరీక్షనాళికలో మూత్రము పోసి, స్పిరిట్ దీపముపై దాని పైభాగమును మాత్రము కాచేవారము. తెల్లని మబ్బు కమ్మితే రెండు, మూడు చుక్కల ఎసిటిక్ ఆమ్లము వేసేవారము. మబ్బు విడిపోతే అవి ఫాస్ఫేట్లు, నిలిచి ఉంటే మాంసకృత్తులు అని మా గురువులు నేర్పారు.

ఇప్పుడు ఆ పనిని రంగుల గడులున్న పరీక్షా పట్టీ చేస్తుంది. ఆల్బుమిన్ తగిలినప్పుడు పసుపు గడి ఆకుపచ్చ వైపునకు మారుతుంది. ఒక ప్లస్ అంటే డెసిలీటరు మూత్రములో సుమారు 30 మి.గ్రా., రెండు ప్లస్‌లు అంటే సుమారు 100 మి.గ్రా., మూడంటే సుమారు 300 మి.గ్రా. అని స్థూలముగా చెప్పుకోవచ్చును. పట్టీకి తెలిసినది ఆ నమూనాలోని గాఢత మాత్రమే. దినమంతటిలో ఎంత ఆల్బుమిన్ పోయినదో దానికి తెలియదు. ఒకే మనిషి చాలా నీరు త్రాగి ఇచ్చిన నమూనాలో ‘నిల్’ అని, ఎండలో పనిచేసి వచ్చి ఇచ్చిన నమూనాలో ‘ఒక ప్లస్’ అని చూపవచ్చును.

పది సంవత్సరములుగా మధుమేహము ఉన్న ఒక గృహిణి నా వద్దకు వచ్చినప్పుడు, మూడు సంవత్సరముల నివేదికలను ఒక దస్త్రములో భద్రముగా తెచ్చారు. మూడింటిలోనూ ఆల్బుమిన్ ‘నిల్’. ఆ వరుసకు కొంచెము పైన విశిష్ట సాంద్రత అనే మరొక వరుస ఉన్నది. మూడుసార్లూ అది 1.005కు మించలేదు. అంటే మూత్రము ఇంచుమించు నీటివలె పలుచగా ఉన్నదన్నమాట. అడిగితే సంగతి తెలిసింది. ఇంటి పనులు విడిచి వచ్చిన ఆమె, పరీక్షాకేంద్రములో ఎక్కువసేపు కూర్చోలేక, నమూనా త్వరగా ఇచ్చి వెళ్ళవచ్చునని వెంట తెచ్చుకున్న సీసా నీరంతా ప్రతిసారీ త్రాగేవారు. మరునాడు ఉదయము లేవగానే పట్టిన మూత్రములో ఆల్బుమిన్‌ను క్రియాటినిన్‌తో పోల్చి కొలిపించాము. గ్రాము క్రియాటినిన్‌కు 300 మి.గ్రా.లు దాటి ఉన్నది.

ఇది ఎట్లు సాధ్యమో చిన్న లెక్కతో తెలుస్తుంది. పలుచని మూత్రములో డెసిలీటరుకు 6 మి.గ్రా.ల ఆల్బుమిన్ ఉంటే పట్టీ దానిని గుర్తించలేదు. అదే నమూనాలో క్రియాటినిన్ 20 మి.గ్రా.లు మాత్రమే ఉంటే, వాటి నిష్పత్తి గ్రాముకు 300 అవుతుంది. ‘ప్రతి సంవత్సరము డబ్బు పెట్టి చేయించుకున్నాను గదండీ’ అన్నారామె. ఆ మాటకు చెప్పదగిన సమాధానము నా వద్ద లేకపోయింది. మధుమేహము ఉన్నవారికి పట్టీ పరీక్ష చాలదు, నిష్పత్తిని కొలిపించుకోవాలి అని నేను పదే పదే చెప్పుటకు అటువంటి దస్త్రములే కారణము.

నిష్పత్తిలో కండల పాత్ర

ఆల్బుమిన్, క్రియాటినిన్‌ల నిష్పత్తి నీటి వలన కలిగే చిక్కును చాలావరకు తీర్చుతుంది. నీరు ఎక్కువైతే రెండూ పలుచబడతాయి, తక్కువైతే రెండూ చిక్కబడతాయి. అందువలన నిష్పత్తి మారదు. అయితే ఇక్కడ మరొక సంగతి గమనించాలి. క్రియాటినిన్ కండరముల నుంచి పుడుతుంది. కండలు ఎక్కువ ఉన్నవారు ఎక్కువగా, తక్కువ ఉన్నవారు తక్కువగా విసర్జిస్తారు. యుక్తవయస్సులోని పురుషులు కిలో బరువుకు దినమునకు 20 నుంచి 25 మి.గ్రా.లు, స్త్రీలు 15 నుంచి 20 మి.గ్రా.లు విసర్జిస్తారని స్థూలమైన లెక్క. వయస్సు పెరిగి కండలు కరిగినకొద్దీ ఇది తగ్గుతుంది.

ఉదాహరణకు ఇద్దరిని తీసుకుందాము. ఒకరు 80 కిలోల బరువుండి, నిత్యము వ్యాయామశాలకు వెళ్ళే యువకుడు. ఆయన దినమునకు 2 గ్రాముల క్రియాటినిన్ విసర్జిస్తారనుకుందాము. మరొకరు 40 కిలోల బరువున్న వృద్ధురాలు. ఆమె అర గ్రాము మాత్రమే విసర్జిస్తారు. ఇద్దరి మూత్రములోనూ దినమునకు సరిగ్గా 40 మి.గ్రా.ల ఆల్బుమిన్ పోతున్నదనుకుందాము. యువకుని నిష్పత్తి 20. అది 30కి లోపు కనుక సామాన్యమని ముద్రిస్తారు. వృద్ధురాలి నిష్పత్తి 80. దాని ప్రక్కన నక్షత్రము పడుతుంది. నష్టపోయే ఆల్బుమిన్ మాత్రము ఇద్దరిలోనూ ఒక్కటే.

ఈ కారణము చేతనే గతములో పురుషులకు 17, స్త్రీలకు 25 అని వేరువేరు హద్దులు సూచించినవారున్నారు. నేడు సౌలభ్యము కొఱకు అందరికీ 30 అనే ఒక్క హద్దునే ఎక్కువగా వాడుతున్నాము. గ్రాముకు 30 నుంచి 300 వరకు మధ్యస్థమైన పెరుగుదలగా, 300 దాటితే తీవ్రమైనదిగా పరిగణిస్తాము. హద్దు ఒకటే కనుక, దానికి దగ్గరగా ఉన్న ఫలితములను చదివేటప్పుడు మనిషిని చూడాలి. చాలాకాలము మంచము పట్టినవారు, కాలు తీసివేయబడినవారు, దీర్ఘవ్యాధితో చిక్కిపోయినవారు, మిక్కిలి వృద్ధులు అసలు కంటె ఎక్కువ నిష్పత్తిని చూపవచ్చును. కండలు తిరిగిన శరీరము గలవారిలో అది అసలు కంటె తక్కువగా కనిపించవచ్చును. సందేహము తీరనప్పుడు 24 గంటల మూత్రమును సేకరించి కొలుస్తాము. అట్లని వృద్ధుల ఫలితములన్నింటినీ ‘కండలు లేవు కనుక’ అని త్రోసివేయరాదు. నిష్పత్తి 40 ఉంటే కండల కొరత దానికి కొంత కారణము కావచ్చును. 400 ఉంటే ఆ వివరణ చాలదు.

నిలుచున్నప్పుడు మాత్రమే కనిపించే మాంసకృత్తులు

ఇంటర్మీడియెట్ చదువుతున్న ఒక పొడవైన, సన్నని కుఱ్ఱవానిని తల్లి వెంటబెట్టుకొని వచ్చారు. కళాశాలలో జరిపిన ఆరోగ్యపరీక్షలో మాంసకృత్తులు రెండు ప్లస్‌లు అని వచ్చింది. అప్పటికి రెండు నెలలుగా ఆమె అబ్బాయికి గ్రుడ్లు, పప్పు మాన్పించి, ఉప్పు లేని చారు, అన్నము పెడుతున్నారు. ఆటలు కూడా మాన్పించారు. పిల్లవాడు చిక్కిపోయాడు. అతని రక్తపుపోటు, రక్తములో క్రియాటినిన్, మూత్రములోని కణములు అన్నీ సామాన్యముగా ఉన్నాయి.

రాత్రి పడుకొనే ముందు మూత్రాశయమును పూర్తిగా ఖాళీ చేసి, ఉదయము లేచిన వెంటనే, తిరగకుండా పట్టిన మూత్రమును తీసుకొని రమ్మని చెప్పాను. దానితో పోల్చుటకు మధ్యాహ్నము మరొక నమూనా అడిగాను. ఉదయపు నమూనాలో మాంసకృత్తులు లేవు, మధ్యాహ్నపు నమూనాలో ఉన్నాయి. కౌమారములో, ముఖ్యముగా పొడవుగా, సన్నగా ఉండే పిల్లలలో నిలబడి తిరుగుతున్నప్పుడు మాత్రమే మాంసకృత్తులు జారే పరిస్థితి ఉన్నది. ముప్పది సంవత్సరములు దాటినవారిలో ఇది అరుదు. మొత్తము సాధారణముగా దినమునకు ఒక గ్రాముకు లోపే ఉంటుంది. వీరిని దీర్ఘకాలము గమనించినప్పుడు మూత్రపిండములు చెడినట్లు కనబడలేదు. వీరికి ఔషధములు గాని, పథ్యము గాని అవసరము లేదు.

ఆ తల్లికి రెండు నమూనాల ఫలితములను ప్రక్క ప్రక్కన పెట్టి చూపాను. ‘అయితే పప్పు పెట్టవచ్చునా అండీ?’ అని రెండుసార్లు అడిగి వెళ్ళారు. ఎదిగే వయస్సులో పిల్లవానికి రెండు నెలల ఆహారలోపము కలిగింది. నమూనా తీసుకున్న వేళను, పిల్లవాని వయస్సును మొదటనే గమనించి ఉంటే ఆ లోపము కలిగేది కాదు.

వచ్చి పోయే కారణములు

కొన్ని పరిస్థితులలో ఆల్బుమిన్ తాత్కాలికముగా పెరిగి, అవి తొలగగానే తగ్గుతుంది. గడచిన 24 గంటలలో చేసిన కఠిన వ్యాయామము, జ్వరము, సూక్ష్మజీవుల వలన కలిగే వ్యాధులు, రక్తములో చక్కెర బాగా పెరుగుట, రక్తపుపోటు అదుపు తప్పుట, గుండె వైఫల్యము ఇందులో ముఖ్యమైనవి. బహిష్టు దినములలో రక్తము కలియుట వలన ఫలితము పెరగవచ్చును. తెల్లబట్ట కలిసినా పొరపాటు జరగవచ్చును. మూత్రము బాగా క్షారగుణము కలిగి ఉన్నా, పాత్రకు క్లోర్‌హెక్సిడిన్ వంటి క్రిమిసంహారకములు అంటి ఉన్నా పట్టీ మాంసకృత్తులు లేకపోయినా ఉన్నట్లు చూపగలదు.

గర్భిణుల విషయము వేరు. గర్భములో దినమునకు 300 మి.గ్రా.ల వరకు మాంసకృత్తులు పోవుట సామాన్యముగానే పరిగణిస్తాము. కాని 20 వారములు దాటిన తరువాత రక్తపుపోటు 140/90 గాని అంతకు మించి గాని ఉండి, మాంసకృత్తులు ఆ హద్దు దాటితే ప్రీఎక్లాంప్సియాను అనుమానించాలి. దాని ముదిరిన రూపమునే మన పెద్దలు గుర్రపువాతము అనేవారు. ఇక్కడ ‘మూడు నెలల తరువాత మరల చూద్దాము’ అనే మాటకు తావు లేదు. ఆ దినమే వైద్యుల వద్దకు వెళ్ళాలి. తలనొప్పి, చూపు మసకబారుట, పొట్ట పైభాగములో నొప్పి ఉంటే క్షణము ఆలస్యము చేయరాదు.

స్థూలకాయము, పొగత్రాగుడు కూడా ఆల్బుమిన్‌ను పెంచుతాయి. వీటిని జ్వరము, వ్యాయామముల జాబితాలో చేర్చి తేలికగా తీసుకోకూడదు. అవి వడపోతపై నిజముగానే భారము మోపుతాయి. బరువు తగ్గితే, పొగ మానితే మేలు కలుగుతుంది.

పట్టీకి కనబడని వ్యాధులు

ఇంతవరకు చెప్పినవానిలో అధిక భాగము అనవసరపు భయమును గుఱించి. అనవసరపు ధైర్యము దానికంటె ప్రమాదకరము. పట్టీలోని రసాయనము ప్రధానముగా ఆల్బుమిన్‌నే గుర్తిస్తుంది. ఇతర మాంసకృత్తులు ఎంత ఉన్నా అది మారకపోవచ్చును. నడుమునొప్పి, రక్తహీనతలతో వచ్చిన ఒక వృద్ధుని మూత్రములో పట్టీ ప్రకారము మాంసకృత్తులు లేవు. రక్తములో క్రియాటినిన్ మాత్రము పెరిగి ఉన్నది. అదే మూత్రములో సల్ఫోశాలిసిలిక్ ఆమ్లము వేస్తే పాలవలె తెల్లబడింది. 1840ల చివర లండనులో హెన్రీ బెన్స్ జోన్స్ వర్ణించిన మాంసకృత్తులు ఇటువంటివే. తదుపరి పరీక్షలలో ఆయనకు ఎముకమజ్జలో పుట్టే మల్టిపుల్ మైలోమా ఉన్నదని తేలింది. వయస్సు, ఎముకల నొప్పి, రక్తహీనత కలిసి ఉన్నప్పుడు పట్టీ చెప్పిన ‘నిల్’ను నమ్మి ఊరుకోరాదు.

మన ప్రాంతమునకు సంబంధించిన మరొక ఉదాహరణ శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానము. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలములలో కొబ్బరి, జీడిమామిడి తోటల నడుమ జీవించే వారిలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి హెచ్చుగా కనిపిస్తున్నది. వారిలో చాలామందికి మధుమేహము లేదు. కారణము నేటికీ నిర్ధారణ కాలేదు. ఈ వ్యాధి వడపోత గుచ్ఛములను గాక, మూత్రనాళికలను, వాటి నడుమనున్న కణజాలమును ముందుగా దెబ్బ తీస్తుంది. అందువలన వ్యాధి ముదిరేవరకు మూత్రములో ఆల్బుమిన్ స్వల్పముగానే ఉండవచ్చును, లేకనూ పోవచ్చును. అక్కడి తోటకూలీకి మూత్రపరీక్ష ఒక్కటే చేసి ‘బాగున్నది’ అని పంపుట సరికాదు. రక్తములో క్రియాటినిన్ కూడా కొలిచి, వయస్సును, స్త్రీ పురుష భేదమును లెక్కలోనికి తీసుకొని వడపోత వేగమును అంచనా వేయాలి. ఆ అంచనాకూ కండలతో సంబంధము ఉన్నదని మరువరాదు. బాగా చిక్కినవారిలో క్రియాటినిన్ తక్కువగా ఉండి, మూత్రపిండములు ఉన్నదానికంటె బాగున్నట్లు చూపుతుంది. అట్టివారికి సిస్టాటిన్ సి అనే పరీక్ష తోడ్పడుతుంది.

నమూనా ఇచ్చేటప్పుడు పాటించవలసినవి

సాధ్యమైనంతవరకు ఉదయము లేవగానే వచ్చే మొదటి మూత్రమును ఇవ్వండి. మొదటి ధారను విడిచి, మధ్య ధారను శుభ్రమైన పాత్రలో పట్టండి. పరీక్ష కొఱకని ప్రత్యేకముగా నీరు ఎక్కువ త్రాగవద్దు, మానవద్దు. ముందు రోజు కఠిన వ్యాయామము చేయవద్దు. జ్వరము, మూత్రములో మంట, బహిష్టు ఉంటే అవి తగ్గిన తరువాత ఇవ్వండి. ఆలస్యము అనివార్యమైతే నమూనాను శీతలయంత్రములో ఉంచండి.

24 గంటల మూత్రము అడిగినప్పుడు, మొదటి ఉదయపు మూత్రమును పారబోసి, ఆ గడియ నుంచి మరునాటి అదే గడియ వరకు, మరునాటి ఉదయపు మూత్రముతో సహా అంతా సేకరించాలి. ఒక్కసారి మరచినా మరచితినని చెప్పండి. సేకరణ పూర్తియైనదో లేదో అందులోని క్రియాటినిన్‌ను బట్టి కొంతవరకు పసిగట్టగలము, కాని మీ మాట అంతకంటె ఉపయోగకరము.

రెండవ రకపు మధుమేహము ఉన్నవారు వ్యాధి తెలిసిన నాటి నుంచి, మొదటి రకపు మధుమేహము ఉన్నవారు అయిదు సంవత్సరముల తరువాత నుంచి, ప్రతి సంవత్సరము ఆల్బుమిన్, క్రియాటినిన్‌ల నిష్పత్తిని, రక్తములో క్రియాటినిన్‌ను కొలిపించుకోవాలి. అధిక రక్తపుపోటు ఉన్నవారికీ ఈ పరీక్షలు అవసరమే. నిష్పత్తి 30 దాటితే ఒక్క పరీక్షతో నిర్ణయించరు. ఒకే మనిషిలో అది దినదినమునకు చాలా మారుతుంది. మూడు నుంచి ఆరు నెలల కాలములో మూడు నమూనాలు చూసి, రెండింటిలోనైనా ఎక్కువగా ఉంటేనే ఆల్బుమిన్ పెరుగుదల స్థిరపడినదని భావిస్తారు. దీర్ఘకాలిక వ్యాధి అని చెప్పుటకు లోపము మూడు నెలలకు మించి నిలిచి ఉండాలి.

అట్లు నిర్ధారణయైతే నిరాశ పడనవసరము లేదు. చక్కెరను, రక్తపుపోటును అదుపులో ఉంచుట, ఉప్పు తగ్గించుట, పొగ మానుట, నొప్పి మాత్రలను స్వంతముగా కొని వాడకుండుట మొదటి మెట్లు. ఎ.సి.ఇ. నిరోధకములు, ఆంజియోటెన్సిన్ గ్రాహక అవరోధకములు, ఇటీవలి ఎస్.జి.ఎల్.టి.-2 నిరోధకములు అర్హులైనవారిలో వ్యాధి వేగమును తగ్గిస్తాయి. వీటిలో మొదటి రెండు వర్గముల మందులు గర్భిణులకు నిషిద్ధములు. ఎవరికి ఏది తగునో చికిత్స చేసే వైద్యులు నిర్ణయిస్తారు.

వైద్యుల వద్దకు వెళ్ళేటప్పుడు పరీక్షా ఫలితముతో పాటు ఒక చిన్న చీటీ తీసుకొని వెళ్ళండి. అందులో మీ వయస్సు, బరువు, వాడే మందులు, నమూనా ఇచ్చిన వేళ, ఆ వారములో వచ్చిన జ్వరము గాని, చేసిన శ్రమ గాని వ్రాయండి. పాత నివేదికలు ఉంటే తేదీల వరుసలో పెట్టండి. ఆ చీటీలోని నాలుగు వరుసలు తెలిస్తే నివేదికలోని అంకెకు అర్థము చెప్పుట వైద్యులకు సులభమవుతుంది.

(ఈ వ్యాసము వైద్య విషయములపై అవగాహన కలిగించుట కొఱకు మాత్రమే. వ్యాధి నిర్ణయమునకు, చికిత్సకు మీ వైద్యులను సంప్రదించండి.)